మగ్గం గుంతలో ఎన్లార్జరు

పోయిన నెల ఒక పొద్దున గద్వాల నుంచి మా అన్న కొడుకు రమేశ్ ఫోన్ చేశాడు. వెనక గదిలోని మగ్గం గుంత పూడ్పిస్తున్నానని, అందులో ఏదో కట్టె చట్రం బయటపడిందని, అది మంచానికీ పనికిరాదు బల్లకూ పనికిరాదు కాబట్టి పొయ్యిలోకి ఇచ్చేయమంటావా అత్తా అని అడిగాడు. వనపర్తిలో మా ఇంట్లో నేను అప్పుడే ఎసట్లో బియ్యం పోశాను. ఎవరికీ ఇవ్వొద్దురా, వస్తున్నా అని చెప్పి, పొయ్యి కట్టేసి, చెప్పులు తొడుక్కొని బస్టాండుకు నడిచాను. తిని పొమ్మని మా ఆయన వెనక నుంచి అంటూనే ఉన్నాడు. ఒక పని తలకెక్కాక నాకు అన్నం గొంతు దిగదు. ఇది పుట్టుకతో వచ్చిన రోగం. నాగర్‌కర్నూల్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు ఫిజిక్స్ చెప్పినా తగ్గలేదు. కుర్చీలో కూర్చొని పాఠం చెప్పిన రోజు ఒక్కటీ లేదు. నేను అటూ ఇటూ తిరుగుతుంటే నన్ను చూడలేక పిల్లల మెడలు నొచ్చేవట. బస్సులో కూడా ఆ రోజు రెండుసార్లు సీటు మారాను. మూడోసారి లేస్తే కండక్టరు, కూర్చో అమ్మా, బస్సు నువ్వు లేస్తే తొందరగ పోదు అన్నాడు.

చట్రం నేను వదిలిన చోటే ఉంది. పాలరంగు అద్దం పగిలింది, కింద వేలాడే నల్లగుడ్డను ఎలుకలు కొట్టేశాయి, కానీ గాడి మీద దుమ్ము ఊది చేత్తో తోస్తే పలక ఇంకా సర్రున జరిగింది. ఇదేంది అత్తా అన్నాడు రమేశ్. ఎన్లార్జరు, ఫోటోను పెద్దది చేసే యంత్రం అన్నాను. వాడు ఫోనులో ఒక బొమ్మ తెరిచి రెండు వేళ్లతో సాగదీసి, గిట్లనా అన్నాడు. అంతే, అన్నాను. నిజంగానే అంతే. ఆ రెండు వేళ్ల పని కోసం మేం నలుగురం రెండు నెలలు ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ కొట్లాడుకున్నాం అని చెబితే వాడు నవ్వుతాడు. వాడి తప్పేం లేదు. అయినా నాకు వాడి మీద కోపం వచ్చింది, అది సాయంత్రం దాకా పోలేదు.

మా నాయినది గద్వాలలో ఫోటో స్టూడియో. ముందు గదిలో స్టూడియో, నడుమ మేము, వెనక డార్క్‌రూం. ఆ డార్క్‌రూం ఒకప్పుడు మగ్గం గది. ఇల్లు అమ్మిన నేతగాళ్లు మగ్గం విప్పి తీసుకుపోయారు గాని, నేసే మనిషి కాళ్లు దించి కూర్చునే గుంతను తీసుకుపోలేరు కదా. మేం దాని మీద పలకలు పరిచి మందు డబ్బాలు పెట్టుకున్నాం. రెండు పక్కిళ్లలోనూ వెనక సందులోనూ మగ్గాలే. పొద్దున అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడూ, పక్కింట్లో నాగప్పన్న మగ్గం చప్పుడూ ఒకే వరసలో పోయేవి. మా ఇంటికి మూడు వాసనలుండేవి. ఒకటి కాలిన రొట్టెది, ఒకటి పక్కింటివాళ్లు నూలుకు పెట్టే గంజిది, ఒకటి ఫోటోలు కడిగే హైపోది. ఆ హైపో పుల్లవాసన అమ్మకు పడేది కాదు. చింతపండు నానేసిన గిన్నె మీద కూడా మూత పెట్టి, నీ మందు నా పులుసులోకి వస్తుంది అని నాయినను దెప్పేది.  నాయిన మాత్రం ఆ పులుసే రెండుసార్లు పోయించుకునేవాడు.

స్టూడియో బోర్డు మీద నాయిన పేరున్నా, ఫోటోలకు పేరు తెచ్చింది మా మేనత్త. లచ్చమ్మత్త నాయినకు అక్క. అలంపూర్‌లో ఇచ్చారు, రెండేళ్లకు తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, ఇంట్లో ఎవరూ తవ్వి అడగలేదు. ఆమె పని నెగెటివులు దిద్దడం. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల, బల్ల నడుమ చతురస్రంగా కోసిన కంత, కింద ఒక అద్దం. అద్దంలో పడిన ఎండ కంతలోంచి పైకొచ్చి నెగెటివును వెలిగించేది. నెగెటివ్ మీద టర్పెంటైనులో కలిపిన పలచటి వార్నిషు రాసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో దిద్దేది. నెగెటివులో అన్నీ తిరగబడి ఉంటాయి. అక్కడ నలుపు పెడితే కాగితం మీద తెలుపవుతుంది. మశూచి మచ్చలు, కళ్ల కింద గుంతలు, నుదుటి గీతలు, అన్నీ ఆమె పెన్సిలు కింద మాయమయ్యేవి. దిద్దే రోజు మామిడికాయ తొక్కు ముట్టేది కాదు, వేళ్లకు నూనె అంటుతుందని. కళ్లద్దాలకు ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకుంది. పొద్దంతా ఒకే చోట కదలకుండా కూర్చునేది. ఆమెను చూస్తే నాకు కాళ్లలో చీమలు పాకినట్టుండేది.

తాతనాటి పెద్ద కెమెరా ఒకటి మాకుండేది. ముక్కాలిపీట మీద నిలబెట్టి, నల్లబట్టలో తల దూర్చి తీసేది. దానికి పద్నాలుగు అంగుళాలకు పదిహేడు అంగుళాల ఫిల్ము కావాలి. అంత ఫిల్ము ఎవరమ్ముతారు? ఛాతీకి తీసే ఎక్స్‌రే ఫిల్ము సరిగ్గా ఆ కొలత. నాయిన కర్నూలు పోయి ఆ పెట్టె తెచ్చేవాడు. మొదటిసారి దాన్ని చూసి అమ్మ, ఎవరికి దగ్గు అని పరేషాన్ అయింది. అంత పెద్ద నెగెటివుతో ఒక సుఖం ఉంది. పెద్దది చేసే పని లేదు. కాగితం మీద బోర్లించి లైటు చూపిస్తే అంతే కొలతలో ఫోటో వస్తుంది, గోడకు అది చాలు. పెళ్లిబృందాలు, బడి పిల్లలు, ఊళ్లకు ఊళ్లు ఆ కెమెరాలోకి ఎక్కాయి.

అలా ఎక్కిన ఊళ్లలో ఒకటి కృష్ణ ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు నీళ్లొస్తాయని ఊరు ఖాళీ చేసే ముందు, జనమంతా చావడి ముందు ఐదు వరసల్లో నిలబడి ఫోటో దిగారు. నాయిన లెన్సు మూత తీసి, కదలొద్దు అని కేకేసి, మూడు లెక్కబెట్టి మూత పెట్టాడు. ఆ తర్వాత ఆ మనుషులు తలా ఒక దిక్కయ్యారు. ఫోటో మాత్రం అమరచింత దగ్గర కొత్త కాలనీలో వాళ్ల ఊరిపెద్ద ఇంటి గోడకెక్కింది.

అయిదారేళ్లకు ఆ ఊరి తిప్పమ్మ మా స్టూడియో మెట్ల మీదకు వచ్చింది. నలభై దాటని మనిషి, కానీ మోకాళ్ల మీద చేతులు ఆనించి పెద్దదానిలా కూర్చుంది. ఊళ్లో వాళ్లకు ఒడ్డు పొలం ఉండేదట, ఇప్పుడు ఎవరిదో నీళ్లందని చెలక కౌలుకు చేస్తున్నారట. ఆ ఫోటోలో ఆమె బిడ్డ సుంకులు ఉంది, ఎనిమిదేళ్లది. కాలనీకి పోయిన మొదటి వానకాలమే జ్వరమొచ్చి చనిపోయింది. ఆ పిల్లకు ఇంకో ఫోటో లేదు. తిప్పమ్మ పండగ పబ్బానికి ఊరిపెద్ద ఇంటికి పోయి, పిల్ల ఉన్న చోట అద్దం మీద వేలు పెట్టి చూసుకునేది. ఆ చోట అద్దం మసకబారిందని ఆ ఇంటి కోడలు గొణిగేసరికి పోవడం మానుకుంది. నెగెటివ్ గద్వాలలో ఉంటుందని ఎవరో చెబితే వచ్చింది.

నాయిన ట్రంకులోంచి నెగెటివ్ తీసి కిటికీకి పట్టాడు. పిల్ల ముఖం కందిగింజంత ఉంది. ఎంత పెద్దగా కావాలని అడిగాడు.

"పెద్దగ వద్దు సారూ," అంది తిప్పమ్మ. "నా అరచెయ్యంత సాలు. కండ్లు కానొస్తె సాలు."

చిక్కు ఇక్కడే వచ్చింది. ఎన్లార్జరంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పైన బల్బు, దాని కింద నెగెటివు, దాని కింద లెన్సు, అన్నిటికీ కింద కాగితం. మా దగ్గర ఒకటుంది గాని, దానిలో అగ్గిపెట్టెంత నెగెటివే పడుతుంది. ఊరి నెగెటివ్ అన్నం పళ్లెం కంటే పెద్దది. నాయిన రెండు రోజులు ఆలోచించి, పిల్ల ముఖమున్న ముక్క బ్లేడుతో కోసి చిన్న ఎన్లార్జర్లో పెడదాం అన్నాడు. లచ్చమ్మత్త పెన్సిలు కింద పెట్టింది. "ఆ ఊరు ఒక్కసారి మునిగింది సాలదా? మళ్ల నువ్వు బ్లేడు వెడ్తవా?" అంది. పిల్లతో పాటు పక్కన నిలబడ్డ ఇద్దరి భుజాలూ, వెనక ఒక ముసలాయన గడ్డమూ పోతాయి. నాయిన కోయలేదు. ట్రంకులో తిరిగి పెట్టనూ లేదు.

అప్పుడు నేను డిగ్రీ పరీక్షలు రాసి, రాని ఉత్తరాల కోసం చూస్తూ ఇంటి చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కోయకుండా మొత్తం నెగెటివును పట్టే యంత్రం మనమే చేద్దాం అన్నాను. పాత పేపరు మీద బొమ్మ గీశాను, లెక్క కట్టాను. కందిగింజ అరచేయి కావాలంటే పదిహేను రెట్లు పెరగాలి. దానికి లెన్సు నుంచి కాగితం దాకా ఆరడుగుల దూరం, పైన బల్బు డబ్బాకు ఇంకో అడుగున్నర. మా మిద్దె ఎత్తు చూస్తే ఏడడుగులు. నా లెక్క కప్పులోంచి బయటికి పోయింది. కప్పు తవ్వుదామా అని నేను ఎగురుతుంటే అత్త, "మీదికి లేకుంటె కిందికి పో. గుంత ఉంది గద," అంది. డబ్బాలు తీసి పలకలు ఎత్తాం. గుంతలో రెండు తేళ్లు, పోగును అటూ ఇటూ మోసే నాడె విరిగినదొకటి దొరికాయి.

మగ్గాలు చేసే బ్రహ్మయ్యాచారి వచ్చాడు. ఆయనకు ఇదేమిటో, ఎందుకో అక్కర్లేదు, కొలతలు చెప్పమన్నాడు. నేను అంగుళాల్లో చెబితే ఆయన జానల్లోకి మార్చుకున్నాడు. ఒక్క మేకు కొట్టలేదు. మగ్గానికి ఎవరైనా మొలలు కొడతారా అని నన్నే అడిగి, అన్నీ కట్టె చీలలతో బిగించాడు. నాడె పోయే దారిలాగే గాడి చెక్కి, రెండు అద్దాల నడుమ బిగించిన నెగెటివ్ అటూ ఇటూ జారేట్టు చేశాడు. ఊళ్లో ఏ ముఖం కావాలంటే ఆ ముఖం లెన్సు మీదికి వస్తుంది. నూనె డబ్బాకు కంతలు కొట్టి బల్బు బిగించాం, దాని కింద పాలరంగు అద్దం పెట్టాం. మూలనపడ్డ ఒక చిన్న కెమెరా లెన్సు పీకి, దాని చుట్టూ గొడుగు గుడ్డతో అత్త గొట్టం కుట్టింది. చట్రం నాలుగు కాళ్లూ గుంత అంచు రాళ్ల మీద నిలబడ్డాయి. కాగితం గుంత అడుగున. ఎర్రలైటు వెలుతురులో అత్త గుంతలోకి దిగి కాగితం పరిచి, నేసే మనిషి కూర్చునే గట్టు మీద కూర్చునేది. ఆమె ఒకటే అడిగేది, "అంత పెద్దగ ఎందుకు? సగం చేస్తె సాలదా?" అని. పని తగ్గించుకోవాలని అంటుందనుకొని కసురుకున్నాను.

మొదటి ఫోటోలో ప్రతి ముఖానికీ రెండు ముక్కులొచ్చాయి. రెండోదానిలో రెండు గడ్డాలు. నాలుగు నిమిషాలు లైటు వేయాలి, ఆ తర్వాత మందులో ముంచి చూస్తే అంతా అలికినట్టుండేది. లెన్సు అనుమానించాం, మార్చాం. బల్బు వేడికి ఫిల్ము ఉబ్బుతుందనుకొని కంతలు పెంచాం. తిప్పమ్మ వారం వారం బస్సెక్కి వచ్చి, మూటలోంచి పజ్జొన్న రొట్టెలు తీసి అమ్మకిచ్చి, మమ్మల్ని ఏమీ అడక్కుండా కూర్చొని పోయేది. ఆమె అడిగితే బాగుండేది. ఆ ఊరకుండడం నన్ను తినేసేది. చివరికి ఒకరోజు నేను కారణం కనిపెట్టాను. ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా మందు ఉంటుంది, అందుకే రెండు బొమ్మలు. లెక్కలేసి నాయినకు నిరూపించాను కూడా. ఒక వైపు మందు కరిగించేద్దామని బట్టలు తెల్లబరిచే బ్లీచింగు నీళ్లు కలిపి, నెగెటివ్ చేతిలోకి తీసుకున్నాను. అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమెకు కారణం తెలియదు, ఫిజిక్స్ తెలియదు. ఇయ్యాల వద్దు అంది, అంతే. ఆ పూట నేను అలిగి అన్నం తినలేదు. ఇంకో నిమిషమైతే తిప్పమ్మకు బిడ్డ లేదు, ఆ ఊరికి ముఖం లేదు.

మరుసటి వారం తిప్పమ్మ డార్క్‌రూం గడప మీద కూర్చొని ఉంది. పక్కన ఆమె తాగి పెట్టిన చెంబు. ఉన్నట్టుండి, "పిల్లా, మీ నేల ఎందుకు అదురుతుంది?" అని అడిగింది. అదరడమేమిటి అన్నాను. ఆమె చెంబు చూపించింది. నీళ్ల మీద సన్నని వలయాలు, ఒకటి పోగానే ఒకటి. నేను గుంత అంచు రాయి మీద అరచేయి పెట్టాను. టక్, టక్. నాగప్పన్న మగ్గం. దానికి జవాబుగా వెనక సందులోది. నేను పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు చెవిలో పోసుకుంటూనే ఉన్నాను. అది ఉందని కూడా మరిచిపోయాను. మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు. గుంత గోడలకూ మూడిళ్లకూ ఒకటే నేల, ప్రతి దెబ్బా రాళ్ల మీదుగా చట్రం కాళ్లలోకి ఎక్కి నాలుగు నిమిషాలూ బొమ్మను కుదుపుతుంది. గద్వాల వాళ్లం కాబట్టే చేతికందిన గుంత వాడుకున్నాం, గద్వాల వాళ్లం కాబట్టే మగ్గం సంగతి తట్టలేదు.

రాత్రి చేయొచ్చు కదా అంటారు. రాత్రి మగ్గాలు ఆగే వేళకు మా వీధిలో కరెంటూ ఆగేది. మధ్యాహ్నం ఒక మగ్గం తిండికి లేస్తే ఇంకోటి తిని కూర్చునేది. నేను పోయి నాగప్పన్నను ఒక్క గంట ఆపమని అడిగాను. పెళ్లి చీర మీద ఉన్నాడు. మా మగ్గం ఆగాలంటే చంద్రుడు చెప్పాలె గని నువ్వు చెప్తె ఎట్ల ఆగుతది బిడ్డా అన్నాడు నవ్వుతూ. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు. లెక్క చూస్తే ఇంకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు నేనెలా గడిపానో అమ్మను అడగాలి. ఇల్లు రెండుసార్లు అలికానట, అలికినచోటే మళ్లీ అలికానట.

అమావాస్య పొద్దున అమ్మ ఆలస్యంగా లేచింది, చప్పుడు లేక. వీధంతా ఏదో పోగొట్టుకున్నట్టుంది. తిప్పమ్మ మొదటి బస్సుకే దిగింది. నేను పిల్ల ముఖాన్ని లెన్సు మీదికి జరిపాను, అత్త గుంతలోకి దిగింది, నాలుగు నిమిషాలు ఎవరం ఊపిరి గట్టిగా తీసుకోలేదు. కాగితం మందులో పడింది. మొదట జుట్టు వచ్చింది, తర్వాత చెవి కమ్మ, తర్వాత పక్కనున్నవాడి అంగీ గుండీలు, గుండీకున్న దారం కూడా. ఆ తర్వాత ముఖం వచ్చింది. రెండు కళ్లు, చక్కగా నన్నే చూస్తూ.

సంతోషం పట్టలేక ఎగిరాను. ఒక్క క్షణమే. ఎర్రలైటులో ఆ కళ్ల చుట్టూ సన్నని గీతలు కనపడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి, నాటు వేసినట్టు. పెన్సిలు గీతలు. ఎడమ కనుబొమ్మ నడుమ ఒక చిన్న తెంపు ఉంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే నా ఎడమ కనుబొమ్మకు అలాంటి తెంపే పడింది. ఎన్నేళ్లుగానో అద్దంలో చూసుకుంటున్న తెంపు అది. నేను గుంతలోకి చూశాను. అత్త తల ఎత్తలేదు.

లెన్సు మూత తీసిన ఆ మూడు లెక్కల్లో పిల్ల కదిలింది. ముఖం అలుక్కుపోయింది. కళ్లు లేని ముఖం ఫోటోలో ఉంటే ఆ ఇంటికి మంచిది కాదని మా స్టూడియోలో పట్టింపు. కదిలిన ముఖాలకు అత్త కళ్లు పెట్టి పంపేది. కందిగింజలో అవి ఎవరికీ తెలిసేవి కావు. ఆమెకు చేయి తిరిగిన పసిపిల్ల ముఖం ఒక్కటే, నాది. తిప్పమ్మ మెట్టెక్కిన మొదటి రోజే అత్తకు అంతా గుర్తొచ్చిందట. చెప్పలేకపోయింది. "నీ యంత్రం నడవొద్దని జమ్ములమ్మ తల్లికి మొక్కుకున్న," అంది నాతో, చెయ్యి పట్టుకొని గుంతలోంచి పైకి లేస్తూ. నాకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

నాయిన ఫోటో చూశాడు. ఏమీ చెప్పొద్దు, ఆరబెట్టి ఇచ్చెయ్, ఆమె కోరుకున్నవి కండ్లే కదా అన్నాడు. చెడ్డవాడు కాదు మా నాయిన. ఏడ్చే మనిషిని చూడలేడు. అత్త తడి ఫోటో పట్టుకొని వసారాలోకి నడిచింది. తిప్పమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకొని అందుకుంది. చూసింది. ఆమె ముఖం వెలిగింది. అత్త ఇంకో నిమిషం ఆగి ఉంటే చెప్పగలిగేది కాదు.

"ఆ కండ్లు నీ బిడ్డవి కావు తల్లీ. నేను గీసినయి," అంది. "నీ బిడ్డ కదిలింది. ఈ పిల్లను సూసి గీసిన."

తిప్పమ్మ నా వైపు చూసింది. ఫోటో చూసి, మళ్లీ నన్ను చూసింది. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆమె కోపంగా అనలేదు. "ఈ పిల్ల కండ్లు మంచిగనే ఉన్నయి. గని నాకెందుకు?" అంది. కాసేపటికి, తుడిస్తే పోతాయా అని అడిగింది. పోతాయి, కింద ఏముంటుందో తెలియదు, ఏమీ ఉండకపోవచ్చు అని అత్త చెప్పింది. ఏం లేకున్నా సరే, తుడవమంది తిప్పమ్మ. నాయిన లేచి ముందు గదిలోకి పోయాడు.

ఈమధ్య రమేశ్ వాళ్ల పాప పుట్టినరోజు ఫోటో చూపించాడు. పాప ఎగురుతుంటే తీశాడట, ముఖం అలుక్కుపోయిందట, ఫోను తనంతట తానే సరిచేసింది. కళ్లు, పళ్లు, నవ్వు, అన్నీ తీర్చిదిద్దినట్టున్నాయి. ఎవరి కళ్లురా ఇవి అన్నాను. పాపవే అన్నాడు, ఇంకెవరివవుతాయి అన్నట్టు. ఏమో. ఆ పాప ఎదురుగానే ఉంది, సరిపోల్చుకోవచ్చు, కాబట్టి నష్టం లేదేమో. నేను పాతకాలం గొప్పదని చెప్పే మనిషిని కాను. మా అత్త కూడా అబద్ధమే గీసింది, ఏళ్లపాటు గీసింది, ఎన్ని ఇళ్లలో నా కళ్లు గోడలకు వేలాడుతున్నాయో నాకు తెలియదు. కానీ ఆ అబద్ధం ఆమె చేతిలోంచి వచ్చింది. దాన్ని మోసుకొని వసారాలోకి నడిచి, ఎదుటి మనిషి ముఖంలో వెలుగు చూసి కూడా నిజం చెప్పడానికి ఆమె ఉంది. ఫోనులోంచి ఎవరొచ్చి చెబుతారు? ఈ సంగతి వాడికి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లూ టీ అడిగాను.

ఆ అమావాస్య నాడే అత్త దూదిని టర్పెంటైనులో ముంచి నెగెటివ్ మీద ఆ కందిగింజంత చోటు తుడిచింది. ఒక్క రాపుకే పెన్సిలు పోయింది. మళ్లీ గాడిలోకి ఎక్కించాం, మళ్లీ నాలుగు నిమిషాలు. పొద్దు ఇంకా వాలలేదు. ఈసారి తిప్పమ్మ కూడా లోపలికి వచ్చి మందు పళ్లెం పక్కన నిలబడింది. జుట్టు వచ్చింది, కమ్మ వచ్చింది, గుండీలు వచ్చాయి. ముఖం రావలసిన చోట బూడిదరంగు జాడ వచ్చింది. ఎదురుగా చూస్తున్న ముఖం నీడలా మొదలై, కుడిపక్కకు గీసుకుంటూ పోయి, అక్కడ ఆగింది. ఆగిన చోట ఒక చెంప, ఒక చెవి, గడ్డం అంచు మాత్రం తేటగా ఉన్నాయి. కళ్లు లేవు. నేను చదివిన చదువుకు అందులో ఒకటి తెలిసింది. పిల్ల ఊరికే ఊగలేదు. ఎవరో పిలిస్తే తిరిగినట్టు తిరిగి, మూత పెట్టేదాకా అటే చూస్తూ నిలబడింది. ఆ మాట పైకే అన్నాను.

 తిప్పమ్మ పళ్లెంలోకి వంగి, నాకు కాదు, అత్తకూ కాదు, మెల్లగా చెప్పింది. పిల్ల తిరిగిన ఆ పక్కనే, ఆడవాళ్ల వరస చివర ఆమె నిలబడిందట. సారు మూత తీసినాక పక్క కళ్లతో చూస్తే పిల్ల కుదురుగా లేదట. సక్కగ నిలవడే సుంకులూ అని ఆమే అదిలించిందట.

ఈ మాట చెప్పాక ఆమె కూలబడుతుందని నేను చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. నీళ్లలోంచి ఫోటోను రెండు చేతులతో ఎత్తి, కారుతుంటే కారనిచ్చి, ఆ చెంప మీద బొటనవేలు పెట్టింది.

"నిలవకుంటె ఏమాయె బిడ్డా," అంది. "నా దిక్కు సూసినవు, సాలు."